రెండోసారి... వెనక వరుస చూడండి!

నచ్చిన సినిమాని పదిసార్లు చూసినా ఒక్క ఫ్రేమూ మారదు. స్టేజీ షో అలా కాదు. చదువుకో, ఉద్యోగానికో న్యూయార్క్ వెళ్లి, బ్రాడ్‌వేలో ‘హామిల్టన్’ ఒకసారి చూసేశారా? చూసిందే కదా అని ఊరుకోకండి.

లిన్-మాన్యుయెల్ మిరాండా రాసిన ఈ మ్యూజికల్ 2015లో రిచర్డ్ రాడ్జర్స్ థియేటర్‌కి వచ్చింది. మొదటిసారి ఆ ర్యాప్ పాటల వేగాన్ని అందుకోవడంతోనే సరిపోతుంది. రెండోసారి హీరోని వదిలి, వెనకున్న డాన్సర్లని గమనించండి. వాళ్లలో ఒకమ్మాయి... చివర్లో హామిల్టన్‌ని బలిగొనే తూటా! ఆ సీను రాకముందే చావు కబురులా అక్కడక్కడా కనిపిస్తూ ఉంటుంది. కథ తెలిసినవాళ్లకే అది పట్టుబడుతుంది.

థియేటర్లో ఇచ్చే ప్లేబిల్ పుస్తకంలో చిన్న చీటీ ఉందేమో చూడండి. ఆ రోజు ఎవరి బదులు ఎవరు నటిస్తున్నారో అందులో ఉంటుంది. ‘స్వింగ్’లు అనే నటులు ఒక్కొక్కరూ చాలా పాత్రలు నేర్చుకుని ఉంటారు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అప్పటికప్పుడు దిగాల్సిందే. ఒక పాత్ర అడుగులు ఇంకో పాత్రతో కలిసిపోకూడదు. తిరిగే స్టేజీ మీద అదేమీ తేలిక కాదు.

టికెట్ రేటు చూసి భయమా? 10 డాలర్ల లాటరీతో ఈ షో పేరు తెచ్చుకుంది. ఆ నోటు మీద బొమ్మా హామిల్టన్‌దే మరి! అది తగలకపోతే, వేరే షోలకి టైమ్స్ స్క్వేర్ ఎర్రమెట్ల కింద టీకేటీఎస్ కౌంటర్ ఉంది. ఏ రోజు షోకి ఆ రోజే తగ్గింపు ధరకి టికెట్లు ఇస్తారు. వెళ్లాక మాత్రం ఒక కన్ను వెనక వరుస మీదే ఉంచండి.