ఉదయం కుంటే బిడ్డ

మార్గశిర మాసపు చలిలో అయిదేండ్ల పాప నిద్రలేచి మంచం దిగదు. తల్లి చేయి పట్టి నిలబెట్టినచో మోకాలు చాచలేక కుంటుచు నడచును. పది గంటల వేళకు కొంత తేరుకొనును. సాయంత్రం వీధిలో తోటిపిల్లలతో ఆడుచుండును. “బడి ఎగ్గొట్టేదానికి వేషాలు” అని అవ్వ విసుగుకొనును. ఒక్కొక్క ఇంట తండ్రి చేయి చేసుకొనుట కూడ కలదు.

ఆ బిడ్డ చెప్పునది అబద్ధం కాదు. కీలు లోపలి పొర వాచినప్పుడు రాత్రి కదలిక లేనందున కీలు బిగుసుకొనును, నడకతో క్రమంగా సడలును. ఉదయం బాధ, సాయంత్రం ఆట అనునది ఈ వ్యాధి ముఖ్యలక్షణమే. పదునారేండ్లలోపు ప్రారంభమై, వేరే కారణం కనబడక, కీలువాపు ఆరు వారాలకు మించి నిలిచినచో దానిని బాల్య కీళ్ళవాతమని వైద్యులు నిర్ణయింతురు. పెద్దలకు వచ్చు కీళ్ళవాతం కంటె పిల్లల వ్యాధి భిన్నమైనదని లండన్ వైద్యుడు జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ 1897లోనే వివరించెను. మన మాధవనిదానంలో ఆమవాతానికి ప్రత్యేకాధ్యాయమే ఉన్నది. అయినను ఆ పేరు వినగానే పెద్దలకిచ్చు మందులను పసిబిడ్డకు పోయుట తగదు.

మన ప్రాంతంలో బిడ్డ కుంటిన వెంటనే పుత్తూరు తలపునకు వచ్చును. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు పొందిన ఖ్యాతి చిన్నది కాదు. కాని ఇది విరుగుడు కాదు, బెణుకు కాదు. వాతంతో వాచిన మోకాలిని కట్టి కదలకుండ ఉంచినచో తొడ కండరం సన్నగిలి, కాలు వంగినట్లే నిలిచిపోవచ్చును. కనుక ముందు రోగమేదో తేలవలెను. ఒకే కీలు వాచినచో క్షయ కావచ్చును. గొంతునొప్పి తరువాత నొప్పి ఒక కీలు విడిచి మరొక కీలుకు మారుచున్నచో గుండెను బాధించు కీళ్ళజ్వరం కావచ్చును. రాత్రి నొప్పితో ఏడ్చుచు, పాలిపోవుచున్న బిడ్డకు రక్తపరీక్ష ఒక్కరోజు కూడ వాయిదా వేయరాదు. కీలు ఎఱ్ఱబడి, కాలుచు, జ్వరమున్నచో కాపడం పెట్టక వెంటనే ఆసుపత్రికి పోవలెను. తిరుపతి స్విమ్స్‌లో కీళ్ళవ్యాధుల విభాగమున్నది. చిత్తూరు వారికి వేలూరు సి.ఎం.సి. దూరం కాదు.

రోగం తేలిన పిమ్మట ఇంటిలో చేయదగినది చాల ఉన్నది. వావిలాకు వేసి కాచిన నీటిని గోరువెచ్చగా చేసి ఉదయమే స్నానం చేయించవలెను. ఆకు దొరకనిచో వట్టి వేడినీరైనను చాలును, ఉపశమనమిచ్చునది ముఖ్యంగా ఆ వెచ్చదనమే. నువ్వులనూనెను మెల్లగా రాయవచ్చును గాని, కీలును నలిపి లాగరాదు. స్నానమైన వెంటనే మోకాలు చాచుట, ముడుచుట ఆటగా చేయింపవలెను. మూడుచక్రాల బండి తొక్కుట మంచి వ్యాయామం. తల్లులు ప్రేమతో చేయు పొరపాటొకటి: రాత్రి నొప్పి తగ్గునని మోకాలి క్రింద దిండు పెట్టుట. దానివలన కాలు వంకరగా బిగుసుకొనును. కొండకు నడచి వచ్చెదమను మ్రొక్కున్నచో, వాపు తగ్గువరకు బిడ్డచేత మెట్లెక్కింపక బస్సులో తీసుకొనిపోవలెను.

వాతమని చెప్పి వంకాయ, చింతపండు, పెరుగు అన్నియు మాన్పించుట నాకు సమ్మతం కాదు. ఎదిగే బిడ్డకు ఆకలే ఆస్తి. ముఖ్యంగా స్టెరాయిడ్ మందు వాడుచున్న బిడ్డ ఎముకలకు సున్నం కావలెను. మన రాగిసంగటి, పాలు, పెరుగు, మునగాకు అందుకే ఉన్నవి.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది కన్ను. ఈ వ్యాధిగల కొందరు పిల్లలకు కంటి లోపల వాపు వచ్చును. కన్ను ఎఱ్ఱబడదు, నొప్పి ఉండదు, బిడ్డ ఏమియు చెప్పదు. చూపు తగ్గిన తరువాతనే తెలియును. ఆరేండ్లలోపు వ్యాధి మొదలై, కొద్ది కీళ్ళే వాచి, రక్తంలో ఏ.ఎన్.ఏ. ఉన్న పిల్లలకు, అందునా ఆడపిల్లలకు ఈ ప్రమాదం అధికం. వారికి మూడు నెలలకొకసారి స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయింపవలెను. మోకాలి వాపు పూర్తిగా తగ్గినను ఈ పరీక్ష మానరాదు. కీలు, కన్ను ఒకే దారిన నడువవు.

వైద్యులు తరచుగా వ్రాయు మెథోట్రెక్సేట్ మాత్ర వారానికొక్కసారి మాత్రమే ఇచ్చునది. పొరపాటున ప్రతిదినం ఇచ్చినచో ప్రాణాపాయం. ఆ వారం పేరు చీటీపై పెద్ద అక్షరాలతో వ్రాయించుకొనవలెను. మన ఇండ్లలో శనివారమైతే మరచువారుండరు. ఫోలిక్ ఆమ్లం, కాలేయ రక్తపరీక్షలు వైద్యుడు చెప్పినట్లే జరుగవలెను. ఈ మందు వాడునపుడు భస్మాలు, గుగ్గులు కలిసిన మాత్రలు తెలుపకుండ ఇచ్చుట కాలేయానికి చేటు. ఆయుర్వేద వైద్యునికి ఆ చీటీని, ఆసుపత్రి వైద్యునికి ఈ మందులను దాచక చూపవలెను. టీకా వేయించుటకు ముందు కూడ అడుగవలెను.

బడిలో ఉపాధ్యాయునికి ఒక మాట చెప్పినచో, మొదటి గంటలో వ్రాత తక్కువైనను దండింపరు, మధ్యమధ్య లేచి తిరుగనిత్తురు. ఆ ఉత్తరంతోపాటు తదుపరి కంటి పరీక్ష తేదీని కూడ గోడమీది క్యాలెండరులో ఈ దినమే గుర్తు పెట్టుకొనవలెను.