కొండ గుహలో మన అశ్మకం



అజంతా చూడబోయిన మనవాళ్లు చాలామంది మొదటి రెండు గుహల్లోని బొమ్మలు చూసి, ఎండకు అలసి వెనక్కి మళ్లుతుంటారు. ఇంకొంచెం ఓపిక పట్టి 26వ గుహ దాకా నడవమని చెప్పడానికే ఈ ప్రసంగం. ఆ గుహకూ మన ప్రాంతానికీ పాత చుట్టరికం ఉంది.

వాఘోరా వాగు గుర్రపు లాడంలా వంపు తిరిగినచోట, కొండను తొలిచి 30 గుహలు చేశారు. తొలి గుహలు సాతవాహనుల నాటివి. తక్కినవి క్రీస్తుశకం 5వ శతాబ్దంలో, వాకాటక రాజు హరిషేణుని కాలంలో వెలిశాయి. వీటిలో ఎక్కువభాగం విహారాలు, అంటే భిక్షువుల నివాసాలు. ఐదు మాత్రం చైత్యాలు, అంటే పూజామందిరాలు. 26వది చైత్యం.

దాని ముందరి వసారా గోడ మీద ఒక సంస్కృత శాసనం ఉంది. బుద్ధభద్రుడనే భిక్షువు, అశ్మక రాజుకు మంత్రి అయిన భవ్విరాజు పేర ఈ గుహను చేయించాడని అందులో రాసి ఉంది. లోకం తలచుకున్నంతకాలం మనిషి స్వర్గసుఖం అనుభవిస్తాడు, కనుక సూర్యచంద్రులున్నంతకాలం నిలిచే గుర్తును కొండల్లో నెలకొల్పాలి అన్నది ఆ శాసనం సారాంశం.

ఇంతకూ ఈ అశ్మకం ఎక్కడిది? గోదావరి తీరపు దేశం. బౌద్ధ గ్రంథాలు చెప్పే 16 మహాజనపదాలలో వింధ్యకు దక్షిణాన ఉన్నది ఇదొక్కటే. దాని రాజధాని పోదన నేటి బోధనేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. బిలోలి నుంచి మంజీర దాటి మనం చుట్టాలిళ్లకు పోయే ఆ బోధనే!

"మనం ఏ దేశం వాళ్లం సార్?" అని బడిలో పిల్లలు అడుగుతుంటారు. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ కదా! నాందేడ్, బోధన్, అజంతా మూడూ 1956 దాకా ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. నడుమ సరిహద్దు గీత పడింది ఆ ఏడే. గోదావరి మాత్రం అంతకు ముందూ, ఇప్పుడూ ఇటు నుంచి అటే పారుతున్నది. పిల్లలకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తోచదు.

గుహ లోపల ఎడమ గోడకు, సుమారు 7 మీటర్ల పొడవున, పరినిర్వాణం చెందిన బుద్ధుడు పవళించి ఉంటాడు. కింద శిష్యులు దుఃఖిస్తుంటారు. ఆ ముఖంలో మాత్రం నిద్రపోయే పసివాడి ప్రశాంతత. అక్కడ మాట్లాడబుద్ధి కాదు.

నాందేడ్ నుంచి ఛత్రపతి సంభాజీనగర్, అంటే పాత ఔరంగాబాదు దాకా రైలుంది. అక్కడి నుంచి బస్సులో సుమారు 100 కిలోమీటర్లు. సోమవారం సెలవు. ఉదయం తలుపులు తీయగానే నేరుగా 26వ గుహకు పోయి, తక్కినవి తిరుగు దారిలో చూసుకుంటూ రండి. జనం చేరకముందే ఒక్క పది నిమిషాలు మౌనంగా కూర్చోండి. భవ్విరాజును తలచుకోండి. తలచుకోవాలనే కదా మిత్రుడు ఆ కొండను తొలిపించింది!