మీకు తెలుసా? పుదుచ్చేరి నుంచి పారిస్ రంగస్థలానికి

1838లో పుదుచ్చేరి దగ్గరి తిరువందిపురం గుడికి చెందిన ఐదుగురు దేవదాసీలను, ముగ్గురు వాద్యగాళ్లను ఒక ఫ్రెంచి వ్యాపారి ఒప్పందం రాయించుకుని ఓడెక్కించాడు. వాళ్లలో ఒకమ్మాయికి నిండా ఆరేళ్లే! ఆగస్టులో పారిస్‌లోని వరియెతే థియేటర్లో ఆడారు, ఆ తర్వాత లండన్‌లోనూ.

వాళ్లలో అమని అనే పద్దెనిమిదేళ్ల నర్తకికి బాగా పేరొచ్చింది. శిల్పి బార్ ఆమె కంచుబొమ్మ పోతపోశాడు. కవి తియోఫిల్ గోతియే పత్రికలో పొగిడాడు. అయితే ఆ పొగడ్తలో నాట్యం కన్నా ఒంటిరంగు, కళ్లు, నగల వర్ణనే ఎక్కువ. మెచ్చుకోలే, కానీ సంతలో వింత జంతువును చూసినట్టు!

ఇరవై ఏళ్లకు అదే గోతియే 'శకుంతల' బ్యాలేకు కథ రాశాడు. దానికి నృత్యం కూర్చినవాడు లూసియాఁ పెటిపా. అతని తమ్ముడు మారియస్ 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 'లా బయాదేర్' బ్యాలే కూర్చాడు. కథ గుడి నర్తకిది, వేషం కట్టింది తెల్లవాళ్లు. అందులో ఒంటికి నల్లరంగు పూసుకున్న పిల్లల నాట్యం కూడా ఉంది. భారతదేశపు కథలో ఆఫ్రికా పిల్లల వెక్కిరింత ఎందుకో! యూరప్‌కు దూరదేశాలన్నీ ఒకటే కాబోలు.

ఆ నాట్యానికున్న అవమానకరమైన పేరును పారిస్ ఒపేరా 2015లో మార్చి 'పిల్లల నాట్యం' అంది. 2019లో ఇదే బ్యాలే కోసం నల్లరంగు పూసుకున్న రష్యా బాలికల ఫొటోను అమెరికా నర్తకి మిస్టీ కోప్‌లాండ్ బయటపెట్టి నిలదీసింది. ఈ బ్యాలేను వేలసార్లు ఇలాగే ఆడామని మాస్కో బోల్షోయ్ థియేటర్ పెద్దలు కొట్టిపారేశారు.