హాల్‌టికెట్టు రాని పరీక్ష

ఎంసెట్‌కి సెంటర్ వాళ్లే వేస్తారు. జీమ్యాట్‌కి మనమే వెతుక్కోవాలి. అదీ ఊరు కాని ఊళ్లో, భాష రాని దేశంలో అయితే..?

పెద్దాపురంలో పరీక్ష సెంటరంటే ఓ లెక్కుంది. నిన్నటి ఎంసెట్ అయినా, నేటి ఈఏపీసెట్ అయినా కాకినాడలోనో రాజమండ్రిలోనో సూరంపాలెం కాలేజీల్లోనో పడుతుంది. హాల్‌టికెట్టు చేతికి రాగానే నాన్న ముందురోజే బండేసుకుని వెళ్తాడు. గేటు ఎటు వైపుందో, పక్కన టిఫిన్ దొరుకుతుందో లేదో చూసుకుని వస్తాడు. తెల్లారాక అమ్మ ఎదురొస్తుంది. పెరుగూ పంచదారా నోట్లో వేస్తుంది. ఇక పిల్లాడి పని పరీక్ష రాయడమే!

ఆ పిల్లాడే ఇంజినీరింగ్ పూర్తిచేసి జర్మనీ వెళ్లాడనుకుందాం. రెండేళ్లు ఉద్యోగం చేశాడు. మంచి బిజినెస్ స్కూల్లో చేరాలనిపించింది. దానికి జీమ్యాట్ స్కోరు కావాలన్నారు. సంగతి చెప్పగానే ఇంటినుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే... 'సెంటర్ ఎక్కడ పడిందిరా?'

పడలేదు. పడదు కూడా. ఈ పరీక్షకి సెంటర్ ఎవరూ వెయ్యరు.

లండన్ దాకా ఓడలో

నిజానికి పరీక్ష సెంటర్ కోసం యూరప్ దారి పట్టడం మన దేశంలో పాత కథే. ఐసీఎస్ పోటీ పరీక్ష 1855లో మొదలైంది. 1921 దాకా లండన్‌లో తప్ప ఇంకెక్కడా పెట్టలేదు. కలెక్టరు కావాలంటే చదువు సంగతి తర్వాత, ముందు ఓడెక్కాలి. సముద్రం దాటితే కులం పోతుందని భయపడే రోజులవి. ఖర్చు సంగతి చెప్పనే అక్కర్లేదు. అన్నీ దాటుకుని 1863లో మొట్టమొదట నెగ్గిన భారతీయుడు సత్యేంద్రనాథ్ టాగూర్, రవీంద్రుడి అన్నగారు. అలా ఒకరిద్దరు నెగ్గడం మొదలయ్యాక 1870ల్లో వయోపరిమితిని 21 నుంచి 19 ఏళ్లకు తగ్గించారు. ఇక్కడ డిగ్రీ అయ్యి అక్కడికి చేరేసరికే వయసు దాటిపోతుందన్నమాట! ఇండియాలోనూ పరీక్ష పెట్టండని దాదాభాయ్ నౌరోజీ వంటివారు ఏళ్ల తరబడి పోరాడారు. 1893లో బ్రిటన్ దిగువ సభ సరేనని తీర్మానించింది కూడా. కాగితం మీదే ఉండిపోయింది. చివరికి 1922లో అలహాబాద్‌లో పరీక్ష పెట్టారు.

అప్పట్లో సెంటర్ ఒక్కటే, దాని దగ్గరికి మనిషి వెళ్లాలి. జీమ్యాట్‌కి ఊరూరా సెంటర్లున్నాయి. అయినా తిప్పలు తప్పడం లేదెందుకు?

గేటు ఉండదు, బోర్డు చిన్నది

1953లో అమెరికాలోని తొమ్మిది బిజినెస్ స్కూళ్లు కూడబలుక్కుని ఓ ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉండాలనుకున్నాయి. మరుసటి ఏడాదే అది మొదలైంది. జీమ్యాట్ అన్న పేరు తర్వాత వచ్చింది. 1997లో కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది. 2006 నుంచి పరీక్ష జరిపే పని పియర్సన్ వ్యూ అనే సంస్థ చేతికి వెళ్లింది. ఇప్పుడు ప్యారిస్ పక్కనున్న ఇన్సియాడ్, హెచ్‌ఈసీ నుంచి జర్మనీలోని మాన్‌హైమ్ దాకా, మన హైదరాబాద్ ఐఎస్‌బీ దాకా ఈ స్కోరు చూసేవాళ్లే.

కంప్యూటర్ పరీక్ష కాబట్టి లక్షమంది ఒకే రోజు రాయరు. ఎవరి రోజు వాళ్లది, ఎవరి గంట వాళ్లది. ఎంబీఏ డాట్ కామ్‌లో ఖాతా తెరిచి ఊరి పేరు కొడితే దగ్గర్లో ఉన్న సెంటర్లు, ఏ తేదీన ఏ గంటకు సీటుందో కనబడతాయి. నచ్చినది పట్టుకుని ఫీజు కట్టాలి. అది రమారమి మూడొందల డాలర్లు, దేశాన్ని బట్టి కాస్త అటూ ఇటూ. సినిమా టికెట్టు కొన్నట్టే. తేడా అల్లా ఈ టికెట్టు పారేసుకుంటే ఏడుపొస్తుంది.

సెంటర్ అనగానే మనకి పెద్ద కాలేజీ, గేటు దగ్గర జనం గుర్తొస్తారు. అక్కడ అదేమీ ఉండదు. ఓ ఆఫీసు భవనంలో ఏ మూడో అంతస్తులోనో నాలుగైదు గదులుంటాయి. కింద పది కంపెనీల పేర్ల మధ్య చిన్న బోర్డు. పక్క కంప్యూటర్ దగ్గర కూర్చున్నాయన ఇంకేదో లైసెన్సు పరీక్ష రాస్తూ ఉండొచ్చు. దారి చెప్పే అక్షరాలు జర్మన్‌లోనో పోలిష్‌లోనో ఉంటాయి. కాబట్టి ముందురోజే వెళ్లి సెంటర్ చూసుకొచ్చే పెద్దాపురం పద్ధతి అక్కడా పనికొస్తుంది. చూసొచ్చేది పిల్లాడే కావాలి, అంతే తేడా.

సీటుంది, వీసా లేదు

అసలు చిక్కు వేరే చోట ఉంది. పిల్లాడున్న ఊళ్లో కావాల్సిన తేదీకి సీటు దొరకదు. పక్క దేశంలో ఉంటుంది. పరీక్షకి సరిహద్దు పట్టింపు లేదు, ఏ దేశంలోనైనా రాసుకోవచ్చు. పట్టింపు ఉన్నది పాస్‌పోర్టుకి.

జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న మన కుర్రాడు ఫ్రాన్స్, పోలండ్, స్విట్జర్లాండ్ వెళ్లి రాసి రావచ్చు. అవన్నీ షెంగెన్ ఒప్పందంలో ఉన్నాయి. 180 రోజుల్లో 90 రోజులు తిరగడానికి వేరే వీసా అక్కర్లేదు. అదే ఐర్లాండ్‌లో చదివే అమ్మాయికి ప్యారిస్‌లో సీటు దొరికితే షెంగెన్ వీసా కావాలి. ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది కానీ షెంగెన్‌లో లేదు. మరీ తమాషా ఏమిటంటే, డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కి బస్సెక్కితే దారిలో చెక్‌పోస్టు కూడా కనబడదు. అయినా అది బ్రిటన్ నేల. ఐర్లాండ్ స్టూడెంట్ పర్మిట్ మీద వెళ్లిన ఇండియన్ పాస్‌పోర్టు వాళ్లకి యూకే వీసా ఉండాల్సిందే. ఎవరూ ఆపలేదు కదా అని వెళ్లొస్తే తర్వాతి వీసాలకి అదే అడ్డం పడొచ్చు. ఎంబీఏ కోసం భవిష్యత్తునే పణంగా పెట్టడం ఎందుకు? సీటు బుక్ చేసే ముందు మ్యాపు కాదు, వీసా చూసుకోవాలి.

పరీక్ష గదిలో గుర్తింపు కింద కూడా మనవాళ్లు పాస్‌పోర్టే చూపాలి. జర్మనీ రెసిడెన్స్ కార్డు చేతిలో ఉంది కదా అంటే కుదరదు. జిరాక్సు అసలే కుదరదు. పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చి, అదే వారంలో పరీక్ష పెట్టుకున్నారో... ఫీజుకి నీళ్లొదులుకోవాల్సిందే! తేదీ మార్చుకునే వీలుంది కానీ పరీక్ష దగ్గరపడేకొద్దీ దాని రుసుము పెరుగుతుంది. చివరి 24 గంటల్లో ఆ దారీ మూసుకుపోతుంది.

ఇంటిపేరు ముందా, వెనకా?

ఇది తెలుగువాళ్లకి ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన సంగతి. బుక్ చేసుకున్న పేరు, పాస్‌పోర్టులో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటి కావాలి. మనకేమో ఇంటిపేరు ముందు. పదో తరగతి సర్టిఫికెట్‌లో అంతా ఒకే వరస. కొందరికి ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉండిపోతుంది. పైగా అన్నవరం కొండ పక్కనున్న ప్రాంతమాయె... ఇంటికో సత్యనారాయణ, సత్యవతి. దానికి ముందు ఓ వెంకటో సూర్యో చేరితే పేరు బారెడవుతుంది. విదేశీ కొలీగ్‌లు 'సత్య' అని పిలుస్తున్నారని బుకింగ్‌లోనూ అలాగే కొట్టేస్తే సెంటర్ గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. తప్పు దొర్లితే పరీక్ష రోజు కాదు, ముందే కస్టమర్ సర్వీస్‌కి చెప్పి సరిచేయించుకోవాలి. పాస్‌పోర్టు కోసం మొదటిసారి దరఖాస్తు నింపుతున్న అమ్మానాన్నలూ ఆ సర్‌నేమ్ గడి దగ్గర ఓ నిమిషం ఆగితే మంచిది.

లోపల కూడా నిఘా గట్టిదే. ఫొటో తీస్తారు. సంతకం తీసుకుంటారు. అరచేతిలోని నరాల అల్లికను స్కాన్ చేస్తారు. ఒకరి బదులు ఒకరు రాయకుండా ఈ జాగ్రత్త. వ్యక్తిగత వివరాల విషయంలో పట్టుదల ఉన్న ఫ్రాన్స్‌లో దీనికి అక్కడి నియంత్రణ సంస్థ అనుమతి అవసరమైంది. 2009లో ఇచ్చారు.

ఇంట్లోనే రాస్తే పోలేదా అనొచ్చు. కరోనా వచ్చిన 2020లో ఆన్‌లైన్ జీమ్యాట్ మొదలైంది, నేటికీ ఉంది. కానీ గదిలో ఇంకెవరూ ఉండకూడదు, మధ్యలో తలుపు తీసి తొంగిచూడకూడదు. నలుగురు కుర్రాళ్లు కలిసి అద్దెకుండే ఫ్లాట్‌లో, వంటగదిలో పప్పు కుక్కర్ కూత పెడుతుంటే ఆ నిశ్శబ్దం ఎక్కడిది? ఎక్కువమందికి సెంటరే నయం.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది మరొకటుంది. యూరప్‌లో చాలా మాస్టర్స్ కోర్సులు జీమ్యాట్ అడగవు. కొన్ని జీఆర్‌ఈ ఉన్నా సరేనంటాయి. కాలేజీ ఏం అడుగుతోందో చదవకుండా సెంటర్ల వేటలో పడితే డబ్బూ పోతుంది, నెలలూ పోతాయి.

అన్నీ కుదిరి పరీక్ష రోజు వచ్చిందనుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉదయం 9 గంటలంటే పెద్దాపురంలో వేసవిలో మధ్యాహ్నం 12.30, చలికాలంలో 1.30. ఇప్పటి జీమ్యాట్‌లో 64 ప్రశ్నలు. మూడు భాగాలు, ఒక్కోటి 45 నిమిషాలు. అంటే రెండుంపావు గంటలు, మధ్యలో కావాలంటే పది నిమిషాల విరామం. అంతసేపూ ఫోను లాకర్లోనే. ఇక్కడ భోజనాలు కానిచ్చి ఎంత రింగిచ్చినా లాభం లేదు. 205 నుంచి 805 మధ్య ఎంతొచ్చిందో లెక్కయిన మరుక్షణమే తెర మీద పడుతుంది. అధికారిక స్కోరు కొద్ది రోజుల్లో వస్తుంది. అతను లాకర్ తెరిచి, మెట్లు దిగి, వీధిలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసేసరికి ఇక్కడ సాయంత్రం టీ వేళవుతుంది.