మెడికల్ కోడింగ్‌కి ఫీజు కట్టే ముందు: ఇంట్లోనే నేర్చుకోగలిగే బేసిక్స్

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేస్తున్న బీఎస్సీ, బీఫార్మసీ వాళ్లలో చాలామందికి ఉన్న డౌట్ ఒకటే. నైట్ డ్యూటీలు వదిలేసి మెడికల్ కోడింగ్‌కి మారొచ్చా, దానికి అమీర్‌పేటలో వేలకు వేలు ఫీజు కట్టాలా అని. మారొచ్చు. కానీ డబ్బు కట్టే ముందు ఈ పని మీకు సెట్ అవుతుందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఈరోజు అదే చూద్దాం.

ముందు ఒక క్లారిటీ. ఇక్కడ కోడింగ్ అంటే ప్రోగ్రామింగ్ కాదు. అమెరికాలో డాక్టర్ పేషెంట్‌ని చూసి నోట్ రాస్తాడు. కోడర్ ఆ నోట్ చదివి కోడ్స్ ఇస్తాడు. ఆ కోడ్స్‌తో క్లెయిమ్ ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్తుంది. జబ్బుకి ఐసీడీ-10-సీఎం కోడ్, చేసిన చికిత్సకి సీపీటీ కోడ్. సీపీటీ "ఏం చేశారు" అని చెప్తే, ఐసీడీ "ఎందుకు చేశారు" అని చెప్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి పొసగకపోతే క్లెయిమ్ రిజెక్ట్ అవుతుంది.

మొదటిది, మాటలు. మెడికల్ పదాలు బట్టీ పట్టకండి, విడగొట్టండి. "గ్యాస్ట్రో" అంటే కడుపు, "ఐటిస్" అంటే వాపు. కలిపితే గ్యాస్ట్రైటిస్. "హైపర్" అంటే ఎక్కువ, "హైపో" అంటే తక్కువ. పదం చివర ఇంకా జాగ్రత్త. కోలెక్టమీ అంటే పెద్దపేగుని పూర్తిగానో కొంతభాగమో తీసేయడం. కోలాస్టమీ అంటే పెద్దపేగుని పొట్ట మీదికి తెచ్చి బయటికి దారి పెట్టడం. కోలాటమీ అంటే పేగుని కోసి తెరవడం. వినడానికి అన్నీ ఒకేలా ఉన్నా మూడూ వేరే ఆపరేషన్లు.

మన తెలుగువాళ్లకి ఇంకో తిప్పలు ఉంది. "ఇలియం" అని తెలుగులో రాస్తే ఏదో చెప్పలేం. ఇంగ్లీషులో మధ్యలో "ఈ" అక్షరం ఉంటే అది చిన్నపేగు చివరి భాగం, "ఐ" అక్షరం ఉంటే తుంటి ఎముక. అందుకే పదాలు విని వదిలేయకుండా స్పెల్లింగ్‌తో రాసుకోవాలి.

రెండోది, శరీరం. ఎడమ, కుడి అంటే ఎప్పుడూ పేషెంట్ ఎడమ, కుడి. చూసేవాడివి కాదు. "ప్రాక్సిమల్" అంటే మొండేనికి దగ్గర, "డిస్టల్" అంటే దూరం. ముంజేతిలో రెండు ఎముకలు. బొటనవేలు వైపుది రేడియస్, చిటికెనవేలు వైపుది అల్నా. ఇప్పుడు మెషీన్ దగ్గర పడి, ఒకాయనకి కుడి రేడియస్ మణికట్టు వైపు చివర విరిగింది అనుకుందాం. చర్మం తెగలేదు, ఇంకే వివరమూ నోట్‌లో లేదు. కోడ్ ఎస్52.501ఏ. ఎడమ చెయ్యి అయితే ఎస్52.502ఏ. ఒక్క అంకెతో చెయ్యే మారిపోయింది. చివరి "ఏ" మొదటి విజిట్ అని చాలామంది అనుకుంటారు. కాదు, అసలు చికిత్స జరుగుతోంది అని దాని అర్థం. ఎముక మామూలుగా అతుక్కుంటూ చెకప్‌కి వస్తే అక్కడ "డీ" వస్తుంది.

ఇంకో ముఖ్యమైన రూల్. ఛాతీ నొప్పితో ఒకామె ఓపీకి వచ్చింది. డాక్టర్ "గుండెపోటు కావచ్చు" అని రాశాడు. మనం గుండెపోటు కోడ్ ఇవ్వకూడదు. ఓపీలో అనుమానాన్ని కోడ్ చేయరు, తేలిన లక్షణాన్నే చేస్తారు. కాబట్టి ఛాతీ నొప్పి కోడ్. తప్పు చేస్తే లేని గుండెజబ్బు ఆమె రికార్డులో ఎక్కేస్తుంది. అడ్మిట్ అయిన పేషెంట్ హాస్పిటల్ బిల్లుకి రూల్ వేరు, అక్కడ డిశ్చార్జ్ నాటికి కూడా అనుమానంగా రాసినదాన్ని ఉన్నట్టుగానే కోడ్ చేస్తారు.

మూడోది, డబ్బు. మన బెల్ట్‌లో ఈఎస్ఐ ఉన్నవాళ్లకి జీతంలో 0.75 శాతం కట్ అవుతుంది, కంపెనీ 3.25 శాతం కడుతుంది. రామచంద్రాపురం ఈఎస్ఐ హాస్పిటల్‌కి వెళ్తే చికిత్సకి బిల్లు అడగరు. అమెరికా ప్రైవేట్ ఇన్సూరెన్స్ అలా ఉండదు. ఒక లెక్క చూడండి. డాక్టర్ 500 డాలర్ల బిల్లు వేశాడు. ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ప్రకారం రేటు 300. దీన్నే అలవ్డ్ అమౌంట్ అంటారు. మిగతా 200 డాక్టర్ వదిలేసుకోవాలి. పేషెంట్ ముందుగా తన జేబులోంచి పెట్టుకోవాల్సిన డిడక్టిబుల్‌లో ఇంకా 100 మిగిలి ఉంది, అది ఆయనే కడతాడు. మిగిలిన 200లో కోఇన్సూరెన్స్ 20 శాతం, అంటే 40 కూడా ఆయనదే. మొత్తం పేషెంట్ 140, ఇన్సూరెన్స్ 160. ఈ లెక్క అర్థమైతే బిల్లింగ్ సగం వచ్చినట్టే.

మరి ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలా? అక్కర్లేదు. ఏఏపీసీ సంస్థ పెట్టే సీపీసీ పరీక్షలో 100 ప్రశ్నలు, 4 గంటలు, పాస్ కావడానికి 70 శాతం. కోడ్ పుస్తకాలు చూసే రాయొచ్చు. అంటే పరీక్షించేది మీ జ్ఞాపకశక్తిని కాదు, చదివి అర్థం చేసుకోవడాన్ని. ఒక్కటి గమనించండి, అనుభవం లేకుండా పాసైతే సర్టిఫికెట్‌లో "ఏ" అని అప్రెంటిస్ గుర్తు ఉంటుంది. పరీక్ష పాసైతే వెంటనే జాబ్ వచ్చేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఐసీడీ-10-సీఎం కోడ్స్, గైడ్‌లైన్స్ అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఫ్రీ. ఏటా అక్టోబర్ 1న కొత్తవి వస్తాయి. అనాటమీకి ఓపెన్‌స్టాక్స్ పుస్తకం ఫ్రీ. సీపీటీ మాత్రం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సొత్తు, కొనాల్సిందే. మూడు వారాలు, షిఫ్ట్ అయ్యాక రోజుకి ఒక గంట ఫ్రీవాటితో కూర్చోండి. డాక్టర్ నోట్ చదువుతుంటే ఆసక్తిగా అనిపిస్తే అప్పుడు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లండి. డెమో క్లాసులో అసలు నోట్స్ మీద ప్రాక్టీస్ ఎన్ని గంటలు ఉంటుందో అడగండి. జవాబు చెప్పకుండా జాబ్ గ్యారంటీ గురించే మాట్లాడితే, మీ రెండు నెలల జీతం అక్కడ పెట్టకండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఒక పూర్తి నోట్ తీసుకుని కలిసి కోడ్ చేద్దాం. ఉంటానండి.