జొన్న సలాడ్: సలాడ్ అంటేనే పిల్లలు మొహం తిప్పేస్తున్నారా..? పులిహోర పోపుతో ఇలా ట్రై చేయండి

సాయంత్రం స్కూల్ బ్యాగ్ తెరిస్తే లంచ్ బాక్స్ అలాగే తిరిగొచ్చిందా? పెద్దవాళ్లకు ఒకటి, పిల్లలకు ఇంకొకటి అంటూ రోజూ రెండు వంటలు చేయలేక విసుగొస్తోందా? ఒక్కసారి జొన్నలు ఉడకబెట్టి పెట్టుకుంటే చాలు.. ఇంటిల్లిపాదీ ఎవరికి నచ్చినట్టు వాళ్లు కలుపుకుని తినేలా సలాడ్ రెడీ అయిపోతుంది. అయితే ఇందులో వండే పద్ధతి ఎంత ముఖ్యమో, పిల్లల ముందు పెట్టే పద్ధతి కూడా అంతే ముఖ్యం.

భారత్ ప్రతిపాదనతో ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన సంగతి తెలిసిందే. ఆ ఊపులో చాలా ఇళ్లలోకి జొన్నలు, కొర్రలు, సామలు వచ్చేశాయి. కొన్ని ఇళ్లలో రొట్టెలయ్యాయి, కొన్ని ఇళ్లలో మాత్రం డబ్బా అడుగున అలాగే ఉండిపోయాయి. ఎందుకంటే పిల్లలు తినలేదు. ఒకటి రెండు సార్లు పెట్టి చూశారు, వాళ్లు ఊసేశారు.. మళ్లీ తెల్లన్నమే.

ఇది కేవలం మారాం సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం.. 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు దేశవ్యాప్తంగా 67 శాతం. తెలంగాణలో ఇది 70 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. అంటే ప్రతి ముగ్గురు చిన్నారుల్లో దాదాపు ఇద్దరికి రక్తం తక్కువే. ఒక్క జొన్న సలాడ్‌తో ఈ సమస్య తీరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ రోజూ ఒకే తెల్లన్నం, అదే పప్పు చుట్టూ తిరిగే పళ్లెంలోకి ఇంకో నాలుగు రకాలు చేరడం మాత్రం అవసరమే.

100 గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల ప్రొటీన్, మరో 10 గ్రాముల పీచు ఉంటాయి. ఐరన్ దాదాపు 4 మిల్లీగ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో ఐరన్ 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. అయితే గింజల్లో ఉండే ఫైటేట్లు ఈ ఐరన్‌ను ఒంటికి పూర్తిగా పట్టనివ్వవు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోస్తే ఫైటేట్లు కొంత తగ్గుతాయి. పైన నిమ్మరసం పిండితే అందులోని విటమిన్ సి ఐరన్ ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. సలాడ్‌లో నిమ్మకాయ రుచి కోసమే అనుకుంటాం గానీ దాని పని అంతకంటే పెద్దదే.

పిల్లలు ఎందుకు వద్దంటారు?

రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలకు కొత్త తిండి అంటే ఒక రకమైన భయం సహజంగానే ఎక్కువ. రంగు కొత్తగా ఉన్నా వద్దు, మెత్తగా జిగురుగా ఉన్నా వద్దు. ముఖ్యంగా అన్నీ కలిపేసి ఏది ఏదో తెలియకుండా ఉంటే అస్సలు ముట్టరు. ఒక కొత్త పదార్థాన్ని పిల్లలు ఒప్పుకోవాలంటే 8 నుంచి 15 సార్లు వాళ్ల ముందుకు రావాల్సి ఉంటుందని పిల్లల ఆహారంపై జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. మన ఇళ్లలో మూడోసారికే 'వీడికి ఇది పడదు' అని తేల్చేస్తాం. అక్కడే వస్తోంది చిక్కంతా.

'ఇది తింటే చాక్లెట్ ఇస్తా' అనడం ఇంకో పొరపాటు. అలా అన్నామంటే చాక్లెట్ బహుమతి, సలాడ్ శిక్ష అని మనమే చెప్పినట్టు. 'ఒంటికి మంచిది నాన్నా, తిను' అన్నా అంతే. మంచిది అన్నారంటే రుచిగా ఉండదన్నమాట అని పిల్లలకు ఎప్పుడో అర్థమైపోయింది.

మనింట్లో సలాడ్ ఎప్పట్నుంచో ఉంది

సలాడ్ అనగానే పచ్చి ఆకులు, సీసాలో వచ్చే డ్రెస్సింగ్ గుర్తొస్తాయి. నిజానికి శ్రీరామనవమికి పంచే వడపప్పు ఏంటి? నానబెట్టిన పెసరపప్పు, కీరా, కొబ్బరి, పచ్చి మామిడి తురుము.. అది అచ్చంగా సలాడే. శ్రావణ మాసంలో శనగ గుగ్గిళ్లకు వేసే పోపు కూడా పిల్లలకు తెలిసిన వాసనే. కాబట్టి కొత్త గింజను పాత రుచిలో పెట్టడమే తేలిక. పసుపు, ఇంగువ, కరివేపాకు, నిమ్మకాయ కలిస్తే అది పులిహోర వాసన. పులిహోర వద్దనే పిల్లలు చాలా తక్కువ. ఇందుకోసం ఖరీదు పెట్టి క్వినోవా కొనాల్సిన పని కూడా లేదు.

నలుగురికి కావాల్సినవి

జొన్నలు ఒక కప్పు. పిండి కాదు, రవ్వ కాదు.. గింజలే. తెల్లవైనా పచ్చ జొన్నలైనా పర్లేదు. పెసరపప్పు పావు కప్పు, స్వీట్ కార్న్ అర కప్పు, క్యారెట్ ఒకటి, కీరా ఒకటి, దానిమ్మ గింజలు గుప్పెడు, పచ్చి కొబ్బరి తురుము రెండు చెంచాలు, వేయించి పొడి చేసిన పల్లీలు మూడు చెంచాలు, ఒక పెద్ద నిమ్మకాయ, కాస్త కొత్తిమీర. పోపుకు రెండు చెంచాల నువ్వుల నూనె, ఆవాలు, జీలకర్ర, చిటికెడు పసుపు, చిటికెడు ఇంగువ, ఒక రెబ్బ కరివేపాకు. వేసవిలో పచ్చి మామిడి దొరికితే నిమ్మకాయ సగానికి తగ్గించి అది తురిమి వేయొచ్చు.

చేసే విధానం

జొన్నలు రెండు మూడు సార్లు కడిగి రాత్రంతా, అంటే కనీసం 8 గంటలు నానబెట్టాలి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, మూడు కప్పుల కొత్త నీళ్లు, అర చెంచా ఉప్పు వేసి కుక్కర్‌లో పెట్టాలి. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి 20 నుంచి 25 నిమిషాలు ఉంచాలి. పాత జొన్నలైతే ఇంకో పది నిమిషాలు పట్టొచ్చు. విజిళ్లు లెక్కపెట్టడం కంటే ఒక గింజ తీసి వేళ్ల మధ్య నొక్కి చూడటం నయం. లోపల తెల్లగా గట్టి పలుకు కనిపించకూడదు. అలాగని చిదిమితే ముద్దయిపోకూడదు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఉడికిన జొన్నలను ఆ నీళ్లలోనే వదిలేస్తారు. గింజ పగిలి జిగురొస్తుంది, పిల్లలు వద్దనే రూపం అదే. వెంటనే వడకట్టి, పళ్లెంలో పల్చగా పరిచి, ఫ్యాన్ కింద పది నిమిషాలు ఆరనివ్వాలి. తడి ఆరితే గింజ గింజా విడివిడిగా వస్తుంది. వడకట్టిన నీళ్లను చారులో, పప్పులో వాడుకోవచ్చు.

పెసరపప్పు గంటసేపు నానబెట్టి వడకట్టాలి. స్వీట్ కార్న్ ఉడికించి పెట్టుకోవాలి. కీరా మధ్యలోని గింజలు తీసేసి సన్నగా తరగాలి, లేకపోతే నీరు కారి మొత్తం చప్పబడుతుంది. టమాటా వేయకపోయినా లోటేం ఉండదు.

బాణలిలో నూనె వేడయ్యాక ఆవాలు, జీలకర్ర, ఇంగువ, పసుపు వేసి చిటపటలాడించాలి. కరివేపాకును రెబ్బలుగా వేస్తే పిల్లలు ఒక్కోటీ ఏరుతూ కూర్చుంటారు. సన్నగా తరిగి వేస్తే ఆ గొడవే ఉండదు. ఈ పోపులో జొన్నలు వేసి రెండు నిమిషాలు కలిపి దించేయాలి. నిమ్మరసం మాత్రం స్టవ్ ఆఫ్ చేసి, కాస్త చల్లారాకే పిండాలి. వేడి మీద పిండితే చేదొస్తుంది, విటమిన్ సి కూడా కొంత పోతుంది.

కలపకండి.. విడివిడిగా పెట్టండి

అన్నీ ఒకే గిన్నెలో కలిపేయాలని చెయ్యి ఊరుకోదు. కానీ ఆగాలి. పోపు పెట్టిన జొన్నలు మధ్యలో, మిగతావన్నీ చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో పెట్టి, ఎవరికి కావాల్సింది వాళ్లనే వేసుకోమనాలి. అయిదేళ్ల పిల్ల మొదటిరోజు జొన్నల్లో దానిమ్మ గింజలు మాత్రమే వేసుకుంటే వేసుకోనివ్వండి. వారం తర్వాత క్యారెట్ వైపు చెయ్యి వెళ్లొచ్చు, వెళ్లకపోవచ్చు. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దవాళ్ల ఇష్టం. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల ఇష్టం. అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన ఈ పద్ధతి ప్రపంచవ్యాప్తంగా చాలామందికి తెలిసిందే. అయితే మన ఇళ్లలో ఇది అమలు చేయాలంటే ముందు ఒప్పించాల్సింది నానమ్మనూ అమ్మమ్మనూ! పిల్లాడు రెండు ముద్దలకే లేచిపోతే వాళ్ల ప్రాణం ఒప్పుకోదు మరి. ఒక ఉపాయం ఏంటంటే, పక్కన పిల్లలకు ఇష్టమైంది ఏదో ఒకటి, పెరుగన్నమో అరటిపండో ఎలాగూ ఉంచాలి. అప్పుడు కడుపు మాడుతుందన్న బెంగ పెద్దవాళ్లకూ ఉండదు.

మొదటిసారి రెండు చెంచాలు పెడితే చాలు. జొన్నల్లో పీచు ఎక్కువ కాబట్టి అలవాటు లేని కడుపుకు ఒక్కసారే ఎక్కువ పెడితే ఉబ్బరం రావచ్చు. అందులోనూ చిన్న పిల్లల కడుపు పీచుతో త్వరగా నిండిపోతుంది. అందుకే పల్లీల పొడి, కొబ్బరి, అర చెంచా నెయ్యి లాంటివి తగ్గించొద్దు. బరువు తగ్గాలనుకునే పెద్దవాళ్ల సలాడ్ లెక్క వేరు, ఎదిగే పిల్లల లెక్క వేరు.

పెద్దవాళ్లు తమ వాటాలో పచ్చిమిర్చి, ఉల్లిపాయ, మిరియాల పొడి తర్వాత కలుపుకోవచ్చు. గోధుమలోని గ్లూటెన్ పడనివాళ్లు ఉన్న ఇంట్లో జొన్న సలాడ్‌కు భయం లేదు. ఇంగువ డబ్బాను మాత్రం ఓసారి చూసుకోవాలి, చాలా కంపెనీలు అందులో గోధుమపిండి కలుపుతాయి.

నాలుగేళ్లలోపు పిల్లలకు జాగ్రత్త

నాలుగేళ్లు నిండని పిల్లలకు పల్లీలు గుండుగా పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. పొడి చేసి వేయాలి. ఇంట్లో పల్లీల అలర్జీ ఉంటే అసలు వద్దు. జొన్న గింజలు కూడా నమలడానికి కాస్త గట్టివే. కాబట్టి ఈ వయసు వాళ్లకు ఇదే పోపుతో కొర్రలు చేయడం మంచిది. కొర్రలు రెండు గంటలు నానబెట్టి, ఒకటికి రెండు కప్పుల నీళ్లతో ఉడికిస్తే మెత్తగా అన్నంలా వస్తాయి.

పిల్లలు మొత్తం మీద లెక్కపెట్టగలిగినన్ని పదార్థాలే తింటూ, నిన్నటిదాకా తిన్నవి కూడా ఒక్కొక్కటిగా మానేస్తుంటే, బరువు పెరగకపోతే, ముద్ద నోట్లో పెట్టగానే వాంతి చేసుకుంటుంటే.. అది మారాం కాకపోవచ్చు. వంటలు మార్చి చూస్తూ కూర్చోకుండా పిల్లల డాక్టర్‌కు చూపించాలి.

బాక్స్‌లో పెడితే పాడవదా?

ఉడికిన గింజలను బయట ఎక్కువసేపు వదిలేస్తే వాటిల్లో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది విడుదల చేసే ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే మధ్యాహ్నం మిగిలింది రాత్రి వేడి చేసి పెడదాం అనుకుని గట్టు మీద ఉంచకూడదు. ఉడికిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మన ఎండాకాలంలో అయితే గంటలోపే.

ఆదివారం ఒకేసారి ఉడికించి, బాగా ఆరాక మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు వాడుకోవచ్చు. పోపు మాత్రం ఏ రోజుది ఆ రోజే. స్కూల్ బాక్స్ కోసం పొద్దున కావాల్సినన్ని జొన్నలు తీసి, పొగలు వచ్చేదాకా వేడి చేసి, పోపు వేసి, పూర్తిగా చల్లారాక బాక్స్‌లో సర్దాలి. నానబెట్టిన పెసరపప్పు, పచ్చి కొబ్బరి ఎండలకు త్వరగా పులిసిపోతాయి, కాబట్టి వేసవిలో బాక్స్‌లోకి అవి వద్దు. కీరా వేరే చిన్న డబ్బాలో పెట్టి, నిమ్మరసం మాత్రం ముందే జొన్నల్లో కలిపేయొచ్చు.