దూరప్రయాణము చేయు గుఱ్ఱములకు మేత, నీరు

దూరమునుండి వచ్చిన గుఱ్ఱమునకు జీనైనను విప్పకమునుపే దాణాసంచి మూతికి కట్టుట పలుచోట్ల వాడుక. ఇది దయతో చేయు పనియే యైనను, దీనివలన శూల పుట్టి గుఱ్ఱములు చచ్చుట గలదు. రాయపూరు ప్రాంతమున దీనికితోడు కేసరి పప్పువలని యపాయము గూడ నున్నది. ఈ రెండును నివారింపదగినవే.

గుఱ్ఱపు జీర్ణకోశము 8 మొదలు 15 లీటర్లు మాత్రమే పట్టును. గుఱ్ఱము వాంతి చేసికొనజాలదు. పరుగిడునపుడు రక్తము కండలకును చర్మమునకును విశేషముగా పోవుటచే కడుపునకు తగ్గును. అట్టి సమయమున తిన్న గింజలు సరిగా నరుగక ప్రేగులలో పులిసి వాయువును పుట్టించును. అందువలన శూలయు, ఒక్కొక్కప్పుడు గిట్టలలోపల వాపును కలుగును.

కావున ఈ క్రింది పద్ధతి నవలంబింపవలయును.

1. బయలుదేరుటకు 2, 3 గంటలు ముందుగా దాణా ముగియవలయును. కొలదిగా గడ్డి పెట్టుటకు ఆటంకము లేదు.

2. మార్గమున మజిలీ మజిలీకి నీరు చూపవలయును. వేడిమీదనున్న గుఱ్ఱమునకు నీరు పట్టరాదను పాత నమ్మకము నేటి పరిశోధనలకు నిలువలేదు. ఎండలో కష్టపడు గుఱ్ఱము గంటకు 10 లీటర్లకు పైగా చెమట కోల్పోవచ్చును. దానితో ఉప్పును పోవును.

3. గమ్యము చేరిన పిదప జీను వదులుచేసి, ఊపిరి కుదుటబడువఱకు మెల్లగా నడిపింపవలయును. మొదట నీరు, తరువాత గడ్డి, ఒక గంట గడచినపిమ్మట దాణా. 300 కిలోల గుఱ్ఱమునకు ఒక పూట ఒకటిన్నర కిలోలకు మించి గింజలు పెట్టరాదు. ఉప్పు అందుబాటులో నుంచవలయును.

4. పనిలేని దినమున దాణా తగ్గింపవలయును. క్రొత్త దాణాను వారము, పదిదినములలో క్రమముగా అలవాటు చేయవలయును.

ఇక కేసరి పప్పు. ఛత్తీస్‌గఢ్‌లో దీనిని తివరా యందురు. కోతకు రాని వరిచేలలోనే చల్లి పండించు ఈ పంట అనావృష్టికి తట్టుకొనును. అందుచే శనగలకంటె చౌకగా దొరకుట గలదు. దీనినే ముఖ్యాహారముగా నెలలతరబడి తిన్న మనుష్యులకు కాళ్లు బిగిసి నడక పోవును. ఇందలి విషమును 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రావు, అడిగ, శర్మ అను శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపిరి.

గుఱ్ఱమునకు కీడు మఱియొక విధమున వచ్చును. కంఠనాళపు కండలు చచ్చుబడును. కొట్టములో నిలిచియున్నపుడు ఏ లోపమును గానరాదు. సవారి చేసినపుడు గురకవంటి పెద్ద శబ్దముతో ఊపిరాడక కూలబడును. మేత మానిపించిన పిదప గూడ ఈ లక్షణములు బయటపడవచ్చును. నానబెట్టి నీరు పాఱబోసినచో విషము తగ్గునుగాని పూర్తిగా పోదు. రాయపూరులోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయము విషము తక్కువగల మహాతివరా యను రకమును రూపొందించినది. అయినను అంగడిలో గింజను చూచి రకము నిర్ణయించుట గుఱ్ఱపువానికి సాధ్యము కాదు. గుఱ్ఱమునకు శనగలు గాని ఉలవలు గాని వాడుటయే క్షేమము.

గుఱ్ఱము నేలను కాలితో గీరుచు, ప్రక్కలను చూచుకొనుచు, పొర్లుచున్నచో శూలయని యెంచి, మేత నాపి పశువైద్యుని వెంటనే పిలువవలయును. నూనె, కషాయములు బలవంతముగా పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

1965 నాటి భారవాహక జంతువుల నియమముల ప్రకారము బండి జంతువును దినమునకు 9 గంటలకును, ఎడతెగక 5 గంటలకును మించి తోలరాదు. 37 డిగ్రీలు దాటుచోట్ల మధ్యాహ్నము 12 మొదలు 3 గంటలవఱకు పని చేయింపరాదు. రాయపూరు వేసవిలో నీ మేర దాటని దినములు అరుదు. కావున పురపాలక, తహశీలు అధికారులు బండ్లు నిలుచుచోట్లను, పెండ్లి గుఱ్ఱముల కొట్టములను దర్శించునపుడు మూడు సంగతులు విచారింపవలయును: నీటితొట్టి నిండియున్నదా, నీడ గలదా, దాణాసంచిలో నున్నది శనగయా, తివరాయా. ఈ మూడవ ప్రశ్న మఱువరాదు.